గుట్టు విప్పు నాలుగు మాటలు

ధ్యాన భాగములు: సామెతలు 11:13, సామెతలు 25:9, 1 కొరింథీయులకు 11:23



ఒక సాయంకాలము మన సంఘపు యువకుడొకడు, పట్నములో డిగ్రీ చదువుచున్నవాడు, ఇంగ్లీషు ప్రశ్నాపత్రము చేతబట్టుకొని మా యింటికి వచ్చెను. అరుగు మీద కూర్చుండి, "అయ్యగారండీ, ఈ నాలుగు మాటలకీ నా నిఘంటువులో ఒకటే అర్థం ఉందండీ, బయటపెట్టుట అని. అలాంటప్పుడు ఖాళీలో ఏది రాసినా మార్కు ఇవ్వాలి గదండీ?" అని అడిగెను. ఆ నాలుగు మాటలు ఇవి: రివీల్, డిస్‌క్లోజ్, డైవల్జ్, బిట్రే.

వేదాంత పాఠశాలలో ఉన్న దినములలో ఇంగ్లీషు నాకు కొరకరాని కొయ్యగానే యుండెను. అయినను మా ఉపాధ్యాయులు ఒక మంచి అలవాటు నేర్పిరి. మాట అర్థము కానప్పుడు దాని వేరు కనబడువరకు త్రవ్వుము అనిరి. ఆ చొప్పున నేనును ఆ అబ్బాయియు లాంతరు వెలుగువంటి చిన్న దీపము క్రింద గంటసేపు కూర్చుండి ఆ నాలుగు మాటలను త్రవ్వితిమి. అతడు సంతోషముగా వెళ్లిపోయెను. నాకు మాత్రము ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ నాలుగింటిలో ఒక మాట నా పేరు పెట్టి పిలిచినట్లుండెను. ఆ సంగతి ముందుకు చెప్పెదను. ఇంగ్లీషు రానివారు ఈ పుట త్రిప్పివేయవద్దని నా మనవి. మాటలు పరదేశివైనను పని మన నాలుకదే.

మొదటిది రివీల్. ఇది లాటిను భాష నుండి ఫ్రెంచి దారిని ఇంగ్లీషునకు వచ్చినది. దాని కడుపులో తెర అను మాట యున్నది. తెర తొలగించుట దాని మొదటి అర్థము. మరుగున నున్న దానిని కన్నులకు కనబడనిచ్చుట. అందుచేతనే దేవుడు తన్ను తాను తెలియజేసికొనుటకు ఇంగ్లీషువారు ఈ మాటనే వాడుదురు. మన తెలుగు బైబిలులో దీనికి బయలుపరచుట అను మాట నిలిచినది. ఫిలిప్పుదైన కైసరయ ప్రాంతములో పేతురు ప్రభువును క్రీస్తని ఒప్పుకొనినప్పుడు, ఇది నరులవలన నీకు తెలిసినది కాదు, నా తండ్రియే తెలియజేసెనని ప్రభువు చెప్పిన చోట (మత్తయి 16:17) ఆ మాట చూడవచ్చును. ప్రకటన గ్రంథమునకు గ్రీకులో నున్న పేరు కూడ కప్పు తీయుట అను అర్థము గలదే. తెర అనగానే దేవాలయపు తెర మీకు జ్ఞాపకము రావలెను. ప్రభువు ప్రాణము విడిచిన గడియలో అది పైనుండి క్రిందికి చినిగెనని మత్తయి వ్రాసెను (27:51). క్రిందనుండి పైకి కాదు. తెర ఎవరిదో ఆయనే చింపెను. ఈ సంగతి మనస్సులో ఉంచుకొనుడి, మరల దీని యొద్దకు వత్తుము.

రెండవది డిస్‌క్లోజ్. క్లోజ్ అనగా మూయుట అని మన పిల్లలకు కూడ తెలియును. మూసినదానిని తెరచుటయే డిస్‌క్లోజ్. ఇందులో తాళము, తాళపుచెవి గలవాడు ఒకడు ఉన్నాడు. వైద్యుడు అడుగగా రోగి తన వ్యాధి చరిత్ర చెప్పుట, న్యాయస్థానములో సాక్షి తనకు తెలిసినది చెప్పుట, పొలము అమ్మువాడు దానిమీద అప్పున్నదని కొనువానికి ముందుగా చెప్పుట, ఇవన్నియు ఈ మాట క్రిందికి వచ్చును. చెప్పుటకు హక్కు గాని బాధ్యత గాని గలవాడు, వినవలసినవానికి, తగిన వేళలో చెప్పుట.

మూడవది డైవల్జ్. దీని వేరులో నున్నది లాటినులో జనసామాన్యము, గుంపు అను మాట. కొందరికే తెలియవలసిన దానిని గుంపులోనికి విడిచిపెట్టుట దీని భావము. ఇంగ్లీషువారు దీనిని తరచుగా లేదు, కాదు అను మాటలతో కలిపి వాడుదురు. ఫలానివాడు గుట్టు డైవల్జ్ చేయుటకు ఒప్పుకొనలేదు అందురు. చేయకుండుటయే మర్యాద యని ఆ మాటకే తెలిసినట్లున్నది.

మన కాలువల క్రింద వ్యవసాయము చేయువారికి ఈ రెండింటి తేడా ఇంగ్లీషు పండితులకంటె బాగుగా తెలియును. తూము తలుపు ఎత్తినను నీరు వచ్చును, గట్టుకు గండి పడినను నీరు వచ్చును. నీరు అదే నీరు. తూము నుండి వచ్చినది మడికి చేరును. గండి నుండి వచ్చినది నారును మట్టితో సహా కొట్టుకొనిపోవును. నీరు మంచిదే గదా యని గండి కొట్టినవాడు వాదించినయెడల ఊరివారు ఏమందురో నేను వ్రాయనక్కరలేదు.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట. డైవల్జ్ అను మాటకును వల్గేటు అను మాటకును వేరు ఒక్కటే. నాలుగవ శతాబ్దపు చివరను అయిదవ శతాబ్దపు ఆరంభమునను జెరోము అను భక్తుడు లాటినులోనికి మార్చిన బైబిలునకు తరువాతి కాలములో వల్గేటు అని పేరు వచ్చెను. సామాన్యముగా అందరును వాడు ప్రతి అని దాని అర్థము. చూచితిరా, ఒక్క వేరు నుండి రెండు కొమ్మలు. గుంపులోనికి విడిచిపెట్టవలసినది దేవుని వాక్యము. మనమో తలక్రిందులు చేసితిమి. సువార్తను పొరుగువానికి చెప్పుమనగా సిగ్గుపడి నోరు మూసికొందుము. పొరుగువాని గుట్టు చెప్పవద్దనగా ఊరికి ఆ చివరివరకు నడిచి వెళ్లి చెప్పి వత్తుము.

నాలుగవ మాట బిట్రే. ఇది అన్నిటికంటె బరువైనది. దీని వేరు లాటినులో చేతికి అప్పగించుట అను మాట. ఇక్కడ మన తెలుగు బైబిలును చూచి నాకు ఆశ్చర్యము కలిగినది. ప్రభురాత్రి భోజనమునుగూర్చి పౌలు కొరింథీయులకు వ్రాసిన వచనములో గ్రీకు క్రియ ఒక్కటే రెండు మారులు వచ్చును. నేను ప్రభువు యొద్ద పొంది మీ చేతికిచ్చినది అనుచోట ఒకసారి, యూదా ప్రభువును శత్రువుల చేతికిచ్చిన రాత్రి అనుచోట మరియొకసారి. 1611వ సంవత్సరపు ఇంగ్లీషు బైబిలు ఈ రెంటికి రెండు వేరు వేరు మాటలు వేసెను. మొదటి దానికి డెలివర్ అనియు రెండవ దానికి బిట్రే అనియు. మన తెలుగు తర్జుమా చేసినవారు మాత్రము రెండు చోట్లను అప్పగించుట అనియే ఉంచిరి. ఇంగ్లీషు చదువరికి కనబడని సంగతి మన సంఘములో చదువురాని అవ్వకు చెవినబడుచున్నది. పౌలు చేతిలో నున్నది సంఘమునకు అప్పగించెను, సంఘము బ్రదికినది. యూదా చేతిలో నున్నది గుంపునకు అప్పగించెను.

యూదా అప్పగించినది ఏమి? అతడు చెప్పిన గుట్టు ఒక చోటు మాత్రమే. కెద్రోను వాగు అవతల తోటలో ప్రభువు తన శిష్యులతో తరచుగా కూడుకొనుచుండెను గనుక ఆ చోటు యూదాకు తెలిసియుండెనని యోహాను వ్రాసెను (18:1, 2). ప్రార్థనకు వెంటబోయినవాడు గనుక తెలిసినది. పరాయివాడు మనలను బిట్రే చేయలేడు. లోనికి రానిచ్చినవాడే చేయగలడు. దెలీలాకు సమ్సోను తన హృదయమంతయు చెప్పెను (న్యాయాధిపతులు 16:17). ఒక్కొక్క ఫిలిష్తీయ సర్దారు ఆమెకు వెయ్యిన్ని నూరు వెండి నాణెములిచ్చెదమని మాటయిచ్చిరి. యూదాకు ముప్పదియే దొరకెను. మన ఊళ్లలో గుట్టు అప్పగించుటకు ఆ మాత్రము వెండియు అక్కరలేదు. ఒక గ్లాసు టీ చాలును, వినువారు ఔరా యని నోరు తెరచిన చాలును.

ఆ రాత్రియే మరియొక విధమైన బిట్రే కూడ జరిగినది. యాజకుని యింటి ముంగిట చలి కాచుకొనుచున్న పేతురును వాని గలిలయ యాసయే పట్టియిచ్చెను (మత్తయి 26:73). ఇంగ్లీషు వాడుకలో ముఖము భయమును, గొంతు అబద్ధమును బిట్రే చేయుననుటయు గలదు. తలచకయే బయటపడుట అది. దానిని పాపమని ఎవరందురు?

మన తెలుగు తక్కువ తిన్నది కాదు. గుట్టు అను మాట చూడుడి. రహస్యమను అర్థముతోపాటు మర్యాదయను అర్థము కూడ దానికి గలదు. ఫలాని అమ్మ గుట్టుగా కాపురము చేసికొనుచున్నది అన్నప్పుడు ఆమె ఏదో దొంగతనము దాచుచున్నదని కాదు గదా. చిరిగిన పక్క లోపలికి మడిచి, మంచి పక్క పైకి కట్టుకొనుటకు మన తల్లులు పెట్టిన పేరది. అది పోయినప్పుడు మిగులునది రట్టు. హెబ్రీలో సామెతల గ్రంథకర్త వాడిన సోద్ అను మాటకును ఇట్టి రెండు అర్థములే గలవు. రహస్యము ఒకటి, దగ్గరగా కూర్చుండినవారి సంభాషణ ఒకటి. గుట్టు విప్పినవాడు ఒక వార్తను మాత్రమే కాదు, ఆ కూర్చుండిన చోటును పాడుచేయుచున్నాడు. ఆ వచనములోనే కొండెములు చెప్పుచు తిరుగువానికి వాడిన మాటను ఊరూర తిరుగు వర్తకుని మాటకు చుట్టముగా పండితులనేకులు చెప్పుదురు. గంప నెత్తిన పెట్టుకొని వీధివీధి తిరుగువాడు కనులయెదుట నిలుచుచున్నాడు. అయితే గాజులమ్ము ఆమె తన సరుకు అమ్మును, ఇతడు పరుల సరుకు అమ్మును.

"నేనేమి అబద్ధము చెప్పితినా? ఉన్న మాటయే గదా!" ఈ మాట నేను సంఘ తగవులలో ఎన్నిసార్లు వింటినో లెక్కలేదు. అట్లు చెప్పువారికి నేను దోయేగును చూపుదును. దావీదు నోబులో యాజకుడైన అహీమెలెకు యొద్దకు వచ్చి రొట్టెయు ఖడ్గమును తీసికొనుట దోయేగు కన్నులార చూచెను. సౌలుతో చెప్పెను. కన్నదే చెప్పెను. ఆ దినమున ఏఫోదు ధరించిన 85 మంది యాజకులు చంపబడిరి, చంపినది ఆ చెప్పిన చేతులే (1 సమూయేలు 22:9-19). సత్యము ఆ 85 మందిని కాపాడలేదు.

ఇప్పుడు నా సంగతి. వ్రాయుటకు ముందు ఆ తల్లి యొద్దకును ఆమె కుమార్తె యొద్దకును వెళ్లి అనుమతి అడిగితిని. గుర్తులు కొన్ని మార్చి వ్రాయుమనిరి. మార్చితిని. ఏవి మార్చితినో చెప్పను.

నేను మునుపు సేవచేసిన ఒక గ్రామములో ఒక విధవరాలు ఉండెను. కుమార్తెకు సంబంధము కుదిరినది, ప్రధానము దినము కూడ అనుకొనిరి. ఒక గురువారము ఆ తల్లి నా యొద్దకు వచ్చి కన్నీటితో ఒక సంగతి చెప్పెను. ఆ పిల్లకు చిన్ననాట మూర్ఛలు వచ్చెడివి. ఆసుపత్రిలో చూపించి మాత్రలు వాడించిరి. ఆరేండ్లుగా మరల రాలేదు. "దాచి పెళ్లి చేయడం నాకిష్టం లేదండి. మంగళవారం నాడు నేనే వెళ్లి పిల్లాడి తల్లితో చెబుతాను. నోరు పెగలాలి గదండీ, అందుకని ప్రార్థన చేయండి" అనెను. (మూర్ఛ దయ్యము కాదు, శాపము కాదు. మెదడుకు వచ్చు వ్యాధి, మందులతో అనేకులకు అదుపులోనికి వచ్చును, అట్టివారు పెండ్లియాడి బిడ్డలను పెంచుకొనుచున్నారు. సంఘములో ఇంకను దీనిని వేరుగా తలంచువారున్నారు గనుక ఇక్కడ వ్రాసితిని.) నేను ఆమెతో కలిసి మోకాళ్లూని ప్రార్థించితిని. అక్కడితో ఊరకుండిన ఎంత బాగుండును!

మరునాడు శుక్రవారపు ప్రార్థన కూటము. నా హృదయము ఆ తల్లి భారముతో నిండియుండెను. పేరు చెప్పలేదు. "ప్రభువా, నీ దాసురాలొకతె తన కుమార్తె చిన్ననాటి మూర్ఛవ్యాధిని గూర్చి వియ్యాలవారితో సత్యము చెప్పబోవుచున్నది, ఆమెకు ధైర్యమిమ్ము" అని గట్టిగా ప్రార్థించితిని. అందరును ఆమేన్ అనిరి. పేరు చెప్పలేదు గదా యని నా మనస్సాక్షి నిమ్మళముగా నుండెను. ఆ ఊరిలో ఆ నెల ప్రధానము కుదిరిన పిల్ల ఒక్కతెయే యని నాకు తోచలేదు.

మంగళవారమువరకు అక్కరలేకపోయెను. ఆ రాత్రియే ఫోనుమీద ఆ కబురు వరుని ఊరు చేరెను. ఎవరు చెప్పిరో నేను విచారింపలేదు. గండి కొట్టినది నేను, నీరు ఏ బోదెలో పారినదని అడుగుట ఎందుకు? ఆదివారము ఆరాధన ముగియకముందే వరుని పెద్దలు వచ్చి, రోగము దాచి పిల్లను అంటగట్టజూచితిరని నలుగురిలో ఆ తల్లిని నిలదీసి వెళ్లిపోయిరి.

సోమవారము నేను ఆమె యింటికి వెళ్లితిని. ఆమె నన్ను తిట్టలేదు. త్రాగుటకు నీళ్లిచ్చెను. చాలాసేపటికి ఈ మాట చెప్పెను. "అయ్యగారండీ, వాళ్లకు తెలిసింది నేను చెప్పబోయిన మాటే. అందులో అబద్ధం లేదు. కానీ నా నోటితో తెలిసుంటే నిజం చెప్పిన తల్లినయ్యేదాన్ని. ఊరి నోటితో తెలిసేసరికి దాచిన తల్లినయ్యాను."

ప్రియులారా, ఆ నాలుగు మాటల తేడా నాకు ఏ నిఘంటువును ఇంతకంటె స్పష్టముగా చెప్పలేదు. ఆమె డిస్‌క్లోజ్ చేయబోయిన దానిని నేను డైవల్జ్ చేసితిని. సంగతి ఒక్కటే, అక్షరము మారలేదు. చెప్పు హక్కును ఆమె చేతిలోనుండి నేను తీసికొంటిని. ఆమె నన్ను నమ్మి చెప్పినది గనుక దానిని బిట్రే అనినను నేను కాదనలేను. దేవునికి చెప్పుచున్నాననుకొంటిని. కన్నులు మూసికొని చెప్పినంత మాత్రమున చుట్టునున్న చెవులు మూసికొనవు.

ఇంకొక సంగతి చాలా కాలమునకు తోచినది. ఆ గుట్టు నిజముగా ఎవరిది? తల్లిదియా? ఆ పిల్లది. వ్యాధి ఆమె శరీరములోనిది. తల్లియు నేనును వియ్యాలవారును ఊరంతయు మాటలాడితిమి గాని ఆ పిల్లను ఒక మాట అడిగినవారు లేరు. తరువాత అనేక ఆదివారములు ఆమె మందిరములో తలుపు ప్రక్కనే కూర్చుండెడిది, ఆశీర్వచనము కాకముందే లేచిపోవుటకు.

నేను వరుని ఊరికి వెళ్లి, ఆమె మంగళవారము మీకు చెప్పుటకు సిద్ధపడియుండెను, తప్పు నాది అని చెప్పితిని. మర్యాదగా కూర్చుండబెట్టి కాఫీ ఇచ్చిరి. "సరే అయ్యగారూ" అనిరి. ఆ సంబంధము మరల కుదరలేదు.

అప్పటినుండి నేను యోసేపును గూర్చి ఎక్కువగా తలంచుచున్నాను. క్రిస్మసు ప్రసంగములలో అతనిని త్వరగా దాటిపోవుదుము. మరియ గర్భవతియని తెలిసినప్పుడు దేవదూత ఇంకను అతనికి కనబడలేదు. అతనికి తెలిసినంతవరకు తాను మోసపోయినవాడే. నలుగురిలో పెట్టుటకు అతనికి కారణము గలదు. అయినను ఆమెను నలుగురిలో పెట్టుటకు అతని మనస్సు ఒప్పలేదు, రహస్యముగా విడనాడదలచెను (మత్తయి 1:19). అతడు నీతిమంతుడని అదే వచనములో నున్నది. నీతిమంతుడైనను అని కొందరు చదువుదురు, నీతిమంతుడు గనుక అని కొందరు. నేను రెండవవారితో ఏకీభవింతును. నోవహు కుమారులలో షేమును యాపెతును వస్త్రము భుజములమీద వేసికొని వెనుకకు నడిచిరి (ఆదికాండము 9:23). తండ్రిని కప్పుటకు మాత్రమే కాదు, తాము చూడకుండుటకు కూడ.

అయితే ఇక్కడ ఒక అపాయమున్నది. దానిని చెప్పక విడిచినయెడల నేను ఇంతవరకు వ్రాసినది దుర్మార్గులకు దుప్పటియగును. ఇంగ్లీషులో ఎక్స్‌పోజ్ అను అయిదవ మాట యున్నది. లోపలనున్న దానిని బయట వెలుగులో పెట్టుట దాని భావము. చీకటి క్రియలను ఏమి చేయవలెనో ఎఫెసీయులకు 5:11లో పౌలు చెప్పినచోట 1946లో వెలువడిన ఇంగ్లీషు క్రొత్త నిబంధన తర్జుమాలో ఈ మాటయే యున్నది. బిడ్డమీద చేయి వేసినవాని గుట్టు, భార్యను కొట్టువాని గుట్టు, సంఘపు కానుకల సొమ్ము తిన్నవాని గుట్టు, ఇవి కప్పవలసినవి కావు. "అయ్యగారూ, సంఘం పరువు పోతుందండీ" అని పెద్దలు నా చెవిలో చెప్పిన సందర్భములు ఉన్నవి. పరువు పోవునేమో. అయినను దెబ్బతిన్న బిడ్డ మొరపెట్టినప్పుడు కాపరి నోరు మూసికొనినయెడల అతడు బిడ్డను బిట్రే చేసినవాడగును. అట్టి సంగతి తెలిసినవారు పోలీసువారికి చెప్పవలెను. బిడ్డల విషయములో మన దేశములో 2012లో చేసిన చట్టము ప్రకారము చెప్పకుండుటయే నేరము. అప్పుడు కూడ దెబ్బతిన్నవారి పేరు వీధికెక్కకుండ చూచుట మన పని.

చెప్పవలసిన గుట్టు ఎట్లు చెప్పవలెనో పౌలు మేనల్లుడు నేర్పుచున్నాడు. అతని పేరు కూడ బైబిలులో లేదు. నలువదిమందికి పైగా పౌలును చంపువరకు అన్నపానములు ముట్టమని ఒట్టుపెట్టుకొనిరని అతడు వినెను. అతడు బజారులో కేకవేయలేదు. కోటలోనికి వెళ్లి పౌలుతో చెప్పెను. పౌలు అతనిని సహస్రాధిపతి యొద్దకు పంపెను. ఆ అధికారి అతని చేయి పట్టుకొని ఏకాంతమునకు తీసికొనిపోయి వినెను. విన్నపిమ్మట, ఈ మాట నాకు తెలిపినట్లు ఎవరికిని చెప్పవద్దని ఆజ్ఞాపించి పంపెను (అపొస్తలుల కార్యములు 23:12-22). కాపాడగల ఇద్దరికి చెప్పెను, మూడవవానికి చెప్పలేదు. ఆ చేయి పట్టుకొని ప్రక్కకు తీసికొనిపోవుట నాకు చాలా నచ్చును. ఒక అన్యుడైన సేనాధిపతికి తెలిసిన మర్యాద, వేదాంత పట్టము చేతబట్టుకొనిన నాకు ఆ శుక్రవారము తెలియకపోయెను.

ఇప్పుడు మన చేతిలో ఫోనులున్నవి. ప్రార్థన మనవుల కొరకు మన సంఘములలో ఫోను బృందములు ఏర్పడినవి. మంచిదే. కాని కొన్ని మనవులు చదువునప్పుడు నా ప్రాణము జల్లుమనుచున్నది. ఫలాని సహోదరి భర్త త్రాగుడు మానునట్లు, ఫలానివారి కోడలికి గర్భఫలము కలుగునట్లు, ఫలాని అబ్బాయి జైలునుండి వచ్చునట్లు. అడుగున ప్రార్థించుడి అని వ్రాసి చేతులు జోడించిన బొమ్మ ఒకటి. ఆ సహోదరిని అడిగితిరా? ఆ కోడలిని అడిగితిరా? నూరుమంది చూచు చోట వ్రాసినది వేయిమందికి చేరుటకు వ్రేలు ఒకసారి కదిలిన చాలును. ఫోనులోని మాట కారిపోవుటకు ఇంగ్లీషువారు కుండకు వాడు లీక్ అను మాటనే వాడుచున్నారు. కుండ తనంతట కారును గాని ఈ కుండకు చిల్లు పెట్టువారు మనమే.

తన గుట్టు తాను చెప్పుకొనుటకు మాత్రము వాక్యము తలుపు విశాలముగా తెరచుచున్నది. ఒకనితో ఒకడు మీ పాపములను ఒప్పుకొనుడని యాకోబు బోధించునప్పుడు (5:16) మీ అని వ్రాసెను, మీ పొరుగువాని యని వ్రాయలేదు.

మా సంఘములో ఇప్పుడు ఒక చిన్న ఏర్పాటు చేసికొంటిమి. మందిరములో కానుకపెట్టె ప్రక్కన ప్రార్థన చీటీల పెట్టె యున్నది. చీటీ అడుగున మూడు గీతలుండును. ఒక గీతకు టిక్కు పెట్టినయెడల కాపరి మాత్రమే ప్రార్థించును. రెండవ దానికి పెట్టినయెడల కాపరియు పెద్దలును. మూడవ దానికి పెట్టినప్పుడే సంఘమంతటి యెదుట. వ్రాయుట రానివారు వచ్చి నాతో చెప్పినప్పుడు, "అమ్మా, దీనిని ఎవరి ముందు ప్రార్థన చేయమంటావు?" అని మొదట అడుగుదును. ఈ ప్రశ్నకు మొదట అందరును ఆశ్చర్యపడిరి. ఒక వృద్ధురాలు, "దేవుడి ముందు బాబూ, ఇంకెవరి ముందు?" అని నవ్వెను.

ఆ విధవరాలి కుమార్తె ఇప్పుడు వేరొక ఊరిలో నున్నది. అనుమతి అడుగుటకు వెళ్లినప్పుడు ఆమె నా కాగితము తీసికొని తానే చదివెను. తన తల్లి చెప్పిన మాట యొద్ద ఆగి, రెండవసారి చదివి, కాగితము తిరిగి నా చేతికిచ్చెను. "ఇది ఉంచండి అయ్యగారూ. మిగతాది నేను చెప్పినట్టు మార్చండి" అనెను.